తాగినవాడి తప్పు ఎంత?

తాగి బండి నడపటం తప్పని ఒప్పించటానికి ఎవరూ వ్యాసం రాయనక్కర్లేదు. తాగనివాడూ ఒప్పుకుంటాడు, తాగేవాడూ ఒప్పుకుంటాడు. తాగించేవాడైతే అందరికంటే ముందు ఒప్పుకుంటాడు: 2019 నుంచి ప్రతి సీసా మీదా ఆ హితబోధ అచ్చువేసి అమ్ముతున్నారు. అమ్మేవాడూ, కొనేవాడూ, కొన్నవాడి బండి కింద పడేవాడూ ఒకే నీతివాక్యాన్ని ఒకే గొంతుతో వల్లిస్తున్నారంటే నాకు అనుమానం కలుగుతుంది. ఆ వాక్యం వల్ల ఎవరికీ పైసా ఖర్చు లేదన్నమాట. అసలు చిక్కు రోడ్డు మీద మనిషి చచ్చిపోయాక వస్తుంది. అప్పుడు "తప్పు" అని ఊరుకుంటే చాలదు. ఎవరి తప్పు, ఎంత తప్పు, ఏ క్షణాన జరిగిన తప్పు అని అడగవలసి వస్తుంది. అడిగీ అడగ్గానే ఈ ఏకాభిప్రాయం ముక్కలవుతుంది. నేను చర్చించదలచుకున్నది ఆ ముక్కల గురించే.

నేనుండే మరిపెడ పూర్వపు వరంగల్లు జిల్లాలోది. 2016 నుంచి మహబూబాబాదు జిల్లాలో ఉంది. వరంగల్లు నుంచి ఖమ్మం పోయే పెద్దరోడ్డు ఊళ్ళోంచే పోతుంది. మహబూబాబాదు దారి దాన్ని ఇక్కడే కలుస్తుంది. ఆ కూడలిని జనం ఇప్పటికీ "బంగ్లా" అనే అంటారు. మిరప కోతలయ్యాక బస్తాల లారీలు ఇటునుంచి ఖమ్మం మార్కెట్టుకు పోతాయి. పత్తి వరంగల్లు ఎనుమాముల మార్కెట్టుకు పోతుంది. పెద్ద లారీలకూ, బస్సులకూ, కార్లకూ దూరాలు దగ్గర చెయ్యటానికి వేసిన రోడ్డు ఇది. కాని ఇదే రోడ్డు మీద కూలికి పోయే ఆడవాళ్ళను కుక్కుకుని ఆటోలు తిరుగుతాయి. ఇదే రోడ్డు అంచున చుట్టుపక్కల తండాలవాళ్ళు నడిచి బజారుకు వచ్చి, నడిచి ఇళ్ళకు పోతారు. పొద్దుగూకేవేళకు ఈ రెండు లోకాలూ ఒకే తారు మీద కలుసుకుంటాయి. ఒకదాని వేగం గంటకు ఎనభై కిలోమీటర్లు. రెండోదాని వేగం నాలుగు. ఈ రెంటి మధ్యా ఉన్నది తెల్లరంగు గీత ఒక్కటే. ఆ గీతను చూడగలిగే కళ్ళు ఉంటేనే అది గీత. లేకపోతే అదీ లేదు.

ఇటువంటి చోట ఒక చావు జరిగినప్పుడు నాకు రెండు తీర్పులు వినపడుతూ ఉంటాయి. ఒకటి పెద్దమనుషులది: "కొవ్వెక్కి తాగారు, అనుభవించారు." రెండోది మన మిత్రులది: "వాడేం చేస్తాడు, ఈ వ్యవస్థ తాగించింది." మొదటి తీర్పు వ్యక్తిని ఉరి తీసి సంఘాన్ని విడిచిపెడుతుంది. రెండోది సంఘాన్ని ఉరి తీసి వ్యక్తిని విడిచిపెడుతుంది. సంఘానికి మెడ లేదు గనక ఆ ఉరి వల్ల ఎవరికీ బాధ లేదు. ఈ రెండు తీర్పులూ ఒకదానికొకటి శత్రువుల్లాగా కనిపించినా, రెంటికీ మూలమైన నమ్మకం ఒకటే: బాధ్యత అన్నది గిన్నెలో అన్నం లాంటిది, ఒకరికి పెడితే మరొకరికి తగ్గుతుందని. ఆ నమ్మకం సరైనదా కాదా అన్నదే నా ప్రశ్న.

దానికి ముందు మత్తు ఏం చేస్తుందో తెలుసుకోవాలి. నీతి మాట్లాడేవాళ్ళు శాస్త్రం మాట్లాడరు. శాస్త్రం లేని నీతి శాపనార్థమే అవుతుంది. మద్యం కాళ్ళను పడగొట్టేముందే మెదడులో విచక్షణను పడగొడుతుంది. మాట తడబడక ముందే, అడుగు తూలక ముందే, "నేను బాగానే ఉన్నాను" అన్న అంచనా చెడిపోతుంది. ఇందులో ఉన్న ఘోరం ఇదే: తాను ఎంత చెడ్డాడో కొలుచుకోవలసిన తూకంరాయే ముందు అరుగుతుంది. అరిగిన రాయితో తూచి, సరుకు సరిగానే ఉందని వాడు నిజాయితీగా నమ్ముతాడు. వాడు అబద్ధమాడటం లేదు. అందుకే వాడితో వాదించి లాభం లేదు.

గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు పదహారు మీటర్ల పైచిలుకు దాటుతుంది. బ్రేకు మీద కాలు పడటం అరసెకను ఆలస్యమైతే ఎనిమిది మీటర్లు పోయాయన్నమాట. రోడ్డు దాటే ముసలమ్మకు ఆ ఎనిమిది మీటర్లే బతుకు. కొందరు మజ్జిగ తాగి, నిమ్మకాయ పిండుకుని, మొహం కడుక్కుని బండెక్కుతారు. మొహం శుభ్రపడుతుంది గాని రక్తం శుభ్రపడదు. సామాన్యంగా మనిషి శరీరం గంటకు నూరు మిల్లీలీటర్ల రక్తంలోంచి పదిహేను మిల్లీగ్రాముల మద్యాన్ని మాత్రమే తొలగించగలుగుతుంది. దాన్ని తొందరపెట్టే పానీయం ఏదీ లేదు. మన మోటారు వాహనాల చట్టం, 185వ సెక్షను, నూరు మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే నేరమంటుంది. అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్‌లో బోర్కెన్‌స్టైన్ బృందం ప్రమాదాలు చేసిన డ్రైవర్లనూ, చెయ్యని డ్రైవర్లనూ పోల్చి 1964లో వెలువరించిన పరిశోధన ఒక సంగతి తేల్చింది: రక్తంలో మద్యం పెరిగేకొద్దీ ప్రమాదం అదే పాళ్ళలో పెరగదు, అంతకంటే ఎంతో వేగంగా పెరుగుతుంది. మొదటి క్వార్టరుకూ రెండో క్వార్టరుకూ వెల ఒకటే. ప్రమాదం మటుకు ఒకటి కాదు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. విచక్షణ కోల్పోయిన మనిషి చేసిన పనికి అతణ్ణి బాధ్యుణ్ణి చెయ్యటం ఎలా కుదురుతుంది? పిచ్చివాణ్ణి మనం శిక్షించం గదా! ఈ చిక్కు పాతది. గ్రీసు దేశంలో పిట్టకస్ అనే శాసనకర్త తాగి చేసిన నేరానికి మామూలుగా చేసినదాని కంటే ఎక్కువ శిక్ష వేశాడట. అరిస్టాటిల్ ఈ సంగతి చెబుతూ, తాగినవాడి అజ్ఞానానికి మూలం అతనిలోనే ఉందన్నాడు. తాగకుండా ఉండటం అతని చేతిలో ఉన్న పని. మన శిక్షాస్మృతి కూడా అదే గీత గీసింది. పాత చట్టంలో 85, 86 సెక్షన్లు, 2024 జులై నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 23, 24 సెక్షన్లు చెప్పేదేమంటే, తెలియకుండానో బలవంతంగానో తాగించబడినవాడికి మినహాయింపు ఉంటుంది. తనంత తాను తాగినవాడు "నాకేం తెలియదు" అని తప్పించుకోలేడు.

అంటే తప్పు జరిగిన క్షణం మనం అనుకునే క్షణం కాదు. బండి మనిషిని గుద్దిన క్షణంలో నడిపేవాడికి ఇచ్ఛ దాదాపు లేదు. తాళంచెవి తిప్పిన క్షణంలోనూ సగం లేదు. ఇచ్ఛ పూర్తిగా ఉన్నది సాయంత్రం ఇంట్లోంచి బండి తీసినప్పుడు; తిరిగి ఎలా రావాలన్న ఏర్పాటు ఏమీ లేకుండా దుకాణం ముందు స్టాండు వేసినప్పుడు. అక్కడ అతను పూర్తిగా స్వతంత్రుడు, పూర్తిగా తెలివిలో ఉన్నవాడు. ఆ రాత్రి హత్య ఏదైనా జరిగితే, అది జరిగింది అక్కడే. మిగిలినదంతా కాలయాపన.

ఇక్కడొక ఆక్షేపణ వస్తుంది. అదే సాయంత్రం అదే దుకాణం ముందు ఇరవై బళ్ళు ఆగాయి. పందొమ్మిది మంది ఇళ్ళకు చేరారు, అన్నం తిన్నారు, పడుకున్నారు. ఇరవయ్యోవాడి బండికి ఒక మనిషి అడ్డం వచ్చాడు. ఇరవై మందీ చేసిన నిర్ణయం ఒక్కటే. ఇరవయ్యోవాడు మాత్రమే దోషి ఎలా అయ్యాడు? బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నాగెల్ అనే ఇద్దరు తత్త్వవేత్తలు 1976లో దీన్నే "నైతిక అదృష్టం" అన్న పేరుతో చర్చించారు. నాగెల్ ఇచ్చిన ఉదాహరణల్లో తాగి కారు నడిపినవాడు కూడా ఉన్నాడు: కాలిబాట మీద మనుషులు లేకపోవటం వాడి అదృష్టం తప్ప వాడి సద్గుణం కాదు. మన చట్టం ఈ అదృష్టానికి ధర కూడా కట్టింది. 2019 సవరణ ప్రకారం తాగి మొదటిసారి పట్టుబడినవాడికి పదివేల జరిమానా గాని, ఆరు నెలల లోపు జైలు గాని, రెండూ గాని. అదే మత్తులో నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీస్తే ఐదేళ్ళ దాకా జైలు. రెంటికీ మధ్య తేడా ఎదురుగా వచ్చిన మనిషిదే గాని, తాగినవాడిది కాదు.

నా సమాధానం ఇది. దోషమూ ఋణమూ రెండు వేరు వేరు విషయాలు. దోషం నిర్ణయంలో ఉంటుంది. అది ఇరవై మందికీ సమానమే. ఋణం ఫలితంలో ఉంటుంది. అది చచ్చినవాడి కుటుంబానికి ఇరవయ్యోవాడు పడిన బాకీ, దాన్ని అతనే తీర్చాలి. దోషాన్ని ఋణంతో కలిపేసినందువల్ల మన ఊళ్ళలో పెద్ద అనర్థం జరుగుతోంది. ఏమీ కాకుండా ఇల్లు చేరినవాడు తన దోషం మాఫీ అయిందనుకుంటాడు. అంతటితో ఆగడు, అది తన పనితనమనుకుంటాడు. "నేను ఎంత తాగినా హ్యాండిలు వంకర పోదు" అని మర్నాడు కల్లుమండువాలో చెబుతాడు. వాణ్ణి కాపాడింది ఖాళీ రోడ్డు. ఖాళీ రోడ్డుకు వాడు కృతజ్ఞత చెప్పడు. దాన్ని తన జబ్బపుష్టి లెక్కలో వేసుకుంటాడు.

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర జరిగింది తలుచుకోండి. ఒక యువకుడు తాగి మోటారుసైకిలు నడుపుతూ పడి చనిపోయాడు. అతను తాగి ఉన్నాడని పరీక్షల్లో తేలినట్టు పోలీసులు చెప్పారు. బండి రోడ్డు మీదే పడి ఉంది. హైదరాబాదు నుంచి బెంగుళూరు పోయే ప్రైవేటు స్లీపరు బస్సు దాని మీదికి వచ్చి, దాన్ని ఈడ్చుకుపోయింది. మంట లేచింది. నిద్రలో ఉన్న ప్రయాణికులు పందొమ్మిది మంది కాలిపోయారు. కొందరు అద్దాలు పగలగొట్టుకుని బయటపడ్డారు. ఈ సంఘటనలో నన్ను కలవరపెట్టేది ఒకటుంది: తప్పు చేసినవాడు చనిపోయాక కూడా అతని తప్పు పని చేస్తూనే ఉంది. శిక్షించటానికి అతను లేడు, పశ్చాత్తాపపడటానికి లేడు. అయినా పందొమ్మిది ఇళ్ళలో దీపాలారాయి. అయితే ఆ మోటారుసైకిలు ఒక్కటే అంతమందిని చంపిందా? రోడ్డుకడ్డంగా పడి ఉన్న బండిని చూసి ఆగలేని వేగమూ, నిప్పంటుకుంటే ప్రయాణికులు బయటపడలేని బస్సూ చంపలేదా? చంపాయి. బస్సు తప్పు చెప్పినంత మాత్రాన తాగినవాడి తప్పు వీసమెత్తు తగ్గదు. తాగినవాడి తప్పు చెప్పినంత మాత్రాన బస్సును నడిపించినవాళ్ళ తప్పూ తగ్గదు. బాధ్యత గిన్నెలో అన్నం కాదని ఇందుకే అంటున్నాను. అది దీపం లాంటిది: ఒకరి వత్తి నుంచి మరొకరి వత్తి వెలిగించినంత మాత్రాన మొదటిది ఆరిపోదు.

ఇంతవరకూ బండి నడిపేవాడి సంగతి. తాగి నడిచిపోయేవాడి మాటేమిటి? పత్రికలూ, ప్రసంగాలూ "డ్రైవర్లూ, పాదచారులూ తాగి రోడ్డెక్కరాదు" అని ఇద్దర్నీ ఒకే వాక్యంలో కట్టేస్తాయి. తాగి నడిచే మనిషికి ప్రమాదం ఉన్న మాట నిజమే. ఎదురుగా వచ్చే లైటు ఎంత దూరాన ఉందో, ఎంత వేగంగా వస్తోందో అతనికి అంతుపట్టదు. అడుగు తారు మీద పడుతోందో మట్టి మీద పడుతోందో తెలియదు. కాని ఇద్దరినీ ఒకే త్రాసులో వెయ్యటం అన్యాయం. తాగి నడిచేవాడు ముఖ్యంగా తన ప్రాణాన్ని పణం పెడతాడు. తాగి నడిపేవాడు ఇతరుల ప్రాణాలను పణం పెడతాడు, వాళ్ళను అడగకుండా. ఒకడు తన చొక్కాకు నిప్పంటించుకోవటానికీ, పక్కవాడి గుడిసెకు నిప్పు పెట్టటానికీ ఉన్నంత తేడా ఉంది.

ఈ తేడా చెరిపెయ్యటం వల్ల లాభపడేది ఎవరో చూడండి. రోడ్డు అంచున శవం దొరికినప్పుడు మొదట వినిపించే మాట "తాగి ఉన్నాడట." ఆ ఒక్క మాటతో సగం విచారణ పూర్తవుతుంది. గుద్దిన బండి ఏదో, దాని వేగమెంతో, దానికి లైట్లున్నాయో లేదో, ఆ చోట వీధిదీపం ఎందుకు లేదో, కాలిబాట ఎందుకు వెయ్యలేదో ఎవరూ అడగరు. నష్టపరిహారం దగ్గర బీమా కంపెనీ వకీలు "మృతుడి నిర్లక్ష్యం కూడా ఉంది" అని కోత కోయమంటాడు. గుద్దినవాడు దొరక్కపోతే చట్టం ఇచ్చేది 2022 ఏప్రిలు నుంచి రెండు లక్షలు. చచ్చినవాడికి రోడ్డు హక్కు లేకుండా పోవటానికి ఆ రాత్రి అతను తాగిన కల్లు చాలు. గుద్దినవాడికి రోడ్డు హక్కు పోవటానికి మాత్రం రక్తపరీక్షా, సాక్ష్యమూ, ఏళ్ళ తరబడి వాయిదాలూ కావాలి. నా మటుకు నేను చెప్పేదేమంటే, తాగిన మనిషికి కూడా ప్రాణంతో ఇల్లు చేరే హక్కుంది. బిడ్డ తప్పటడుగు వేస్తే చక్రం ఆపాలనే మనం అంటాం. కూలివాడు తప్పటడుగు వేస్తే మటుకు చక్రానికి క్షమాపణ చెప్పమంటామా?

అంకెలు కూడా ఈ పక్షపాతాన్నే చెబుతాయి. కేంద్రప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది పాదచారులు. నూటికి 44 మంది ద్విచక్ర వాహనాల మీద పోయేవాళ్ళు. ఆ లెక్కల్లోనే మద్యమూ, మత్తుమందులూ కారణమని రాసినవి నూటికి మూడింటికి లోపు. అధికవేగం కారణమని రాసినవి నూటికి 71. ఇది చూసి తాగుడు అంత పెద్ద సమస్య కాదనుకుంటే పొరపాటు. వేగం గుద్దిన చోట కనిపిస్తుంది. మత్తు రక్తం తీసి చూస్తేనే కనిపిస్తుంది. తీయని రక్తం లెక్కకెక్కదు. వేగం అని రాసిన గడిలో ఎన్ని సీసాలు దాగి ఉన్నాయో ఆ గడి చెప్పదు. పైగా అన్ని మత్తులూ ఊదుడు మిషనుకు చిక్కవు. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. కల్లులో కలిపే ఆల్ప్రజోలం వంటి నిద్రమాత్రల మందును శ్వాస పరీక్ష పట్టలేదు. ఆ కల్లు తాగి బండెక్కినవాడు మిషను ముందు పతివ్రతే.

వర్గం ఎక్కడ వచ్చిందని అడిగేవాళ్ళకు బొంబాయి కార్టర్ రోడ్డు కేసు చూపిస్తాను. 2006 నవంబరు 12 తెల్లవారుజామున ఒక ధనిక యువకుడి కారు కాలిబాట మీదికెక్కి, అక్కడ పడుకున్న ఏడుగురిని చంపింది, ఎనిమిది మందిని గాయపరిచింది. వాళ్ళు ఆ రోడ్డు పని చేస్తున్న కూలీలే. ఎవరి కోసం రోడ్డు వేస్తున్నారో వారి చక్రం కిందే పడ్డారు. నడిపినవాడి రక్తంలో నూరు మిల్లీలీటర్లకు 112 మిల్లీగ్రాముల మద్యం ఉంది. కింది కోర్టు ఆరు నెలలు వేసింది. హైకోర్టు దాన్ని మూడేళ్ళు చేసింది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఏడు ప్రాణాలకు మూడేళ్ళు. ఇక్కడ మన మిత్రులెవరూ "పాపం, వ్యవస్థ తాగించింది" అనరు. మరి తాగింది ధనికుడైతే వ్యక్తి దోషమూ, పేదవాడైతే వ్యవస్థ దోషమూ ఎలా అవుతుంది? కింద పడినవాడు మటుకు రెండు సందర్భాల్లోనూ పేదవాడే. తాగి ఆటో నడిపిన పేదవాడికి మనం ఇచ్చే మినహాయింపు, ఆ ఆటో కింద పడిన మరో పేదవాడి దగ్గరనుంచి లాక్కుని ఇచ్చేదే.

మన మిత్రుల వాదనకు మూలం ఎంగెల్స్. ఇంగ్లండులో కార్మికవర్గ పరిస్థితిని గురించి 1845లో రాసిన పుస్తకంలో ఆయన తాగుడును ప్రస్తావించాడు. పొద్దంతా చాకిరీ చేసి, ఊపిరాడని కొంపకు చేరే కార్మికుడికి తాగుడు వ్యసనంగా కాక పర్యవసానంగా పరిణమిస్తుందనీ, అతణ్ణి ఇచ్ఛ లేని వస్తువుగా దిగజార్చినవాళ్ళే దానికి బాధ్యులనీ ఆయన భావం. గొప్ప మాట అది. కాని దాన్ని మనం సగమే చదువుతున్నాం. కార్మికుణ్ణి వస్తువుగా చెయ్యటం పెట్టుబడిదారు చేసే నేరమని ఎంగెల్స్ అన్నాడు. కార్మికుడు నిజంగానే వస్తువైపోయాడని అనలేదు. అదే పుస్తకంలో కార్మికులు సంఘాలు పెట్టుకుంటారు, సమ్మెలు చేస్తారు. సమ్మె చెయ్యటానికి ఇచ్ఛ ఉన్నవాడికి బండి తాళంచెవి పక్కవాడి చేతిలో పెట్టటానికి మాత్రం ఇచ్ఛ లేదనటం కుదరదు. కష్టజీవిని పూర్తిగా నిర్దోషి అని తేల్చటం పైకి ప్రేమగా కనిపిస్తుంది. నిజానికి అది అతణ్ణి మనిషి లెక్కలోంచి తీసెయ్యటమే. దొర ఏ పని మొదలుపెట్టాడో దాన్ని మనం పూర్తి చేసినట్టవుతుంది.

ఈ చిక్కును పుస్తకాల్లో కాక వీధిలో విడగొట్టినవాళ్ళు తెలుగుదేశంలోనే ఉన్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న కూలి ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. తర్వాత వాళ్ళూ, వాళ్ళలాంటివాళ్ళూ కలిసి సారా వేలంపాటలనే అడ్డుకున్నారు. 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అది సడలింది. నిషేధం నిలిచిందా లేదా అన్నది ఒక చర్చ. నేను చూసేది మరొకటి. ఆ ఆడవాళ్ళు "మా మగవాళ్ళు వ్యవస్థకు బలైనవాళ్ళు" అని ఊరుకోలేదు, చీపురు తిరగేశారు. "మా మగవాళ్ళు దుర్మార్గులు" అని కూడా ఊరుకోలేదు; కలెక్టరు దగ్గరికి నడిచారు. మొగుణ్ణి గుమ్మంలో నిలదీసిన నోటితోనే సర్కారును వేలంపాటలో నిలదీశారు. బాధ్యత పంచితే తగ్గేది కాదని వాళ్ళకు ఏ తత్త్వవేత్తా చెప్పలేదు.

ఆ సర్కారు సంగతి కూడా చూద్దాం. తెలంగాణలో లైసెన్సు ఉన్న మద్యం దుకాణాలు 2,620. వాటిని లాటరీ తీసి ఇస్తారు. 2023లో దరఖాస్తుకు రెండు లక్షలు. చీటీ తగిలినా తగలకపోయినా తిరిగి ఇవ్వరు. లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్క సీసా అమ్మక ముందే ఖజానాకు రెండువేల ఆరువందల కోట్లకు పైగా చేరింది. 2025లో ఆ రుసుము మూడు లక్షలయింది. ఇంత సొమ్ము పోసినవాడు దాన్ని రాబట్టుకోవాలి. పట్నంలో అమ్మినది చాలదు గనక సరుకు బెల్టు షాపుల పేరుతో పల్లెలకూ, తండాలకూ పాకుతుంది. ఏ ఇంటి అరుగు మీద, ఏ కిరాణాకొట్టు వెనక దొరుకుతుందో పిల్లలకు కూడా తెలుసు; తెలియనిదల్లా తెలియవలసినవాళ్ళకే.

2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపల మద్యం దుకాణం ఉండరాదంది. 2017 మార్చి 31న ఇరవైవేల లోపు జనాభా ఉన్న ఊళ్ళకు ఆ దూరాన్ని 220 మీటర్లకు తగ్గించింది. కొన్ని రాష్ట్రాలు రహదారుల పేర్లనే మార్చి, అవి రహదారులు కావు పొమ్మన్నాయి. సీసాను జరపటం కంటే రోడ్డును జరపటం వాటికి తేలికయింది. అదే ఏడు జులైలో పురపాలక ప్రాంతాలకు ఈ నిషేధం వర్తించదని కోర్టు స్పష్టం చేసింది. 2018లో మా మరిపెడ పురపాలక సంఘమయింది. పురపాలక సంఘం కావటం వల్ల లారీల వేగం తగ్గదు, రోడ్డు దాటే మనిషి కాళ్ళకు బలం పెరగదు. కాని చట్టం దృష్టిలో నిన్నటి ప్రమాదం నేడు ప్రమాదం కాకుండా పోతుంది. రోడ్డు పక్కన దుకాణం పెట్టి, దాని ముందు బళ్ళకు చోటు వదిలి, "తాగి నడపకు" అని బోర్డు కట్టేవాడు నీతి చెప్పటం లేదు. ముందే రసీదు రాసి పెట్టుకుంటున్నాడు.

అయితే మళ్ళీ సంపూర్ణ నిషేధం పెట్టమంటావా అని అడుగుతారు. అలా అనటం లేదు. నిషేధపు రోజుల్లో దొంగసరుకు ఎలా పారిందో ఈ ప్రాంతం మరిచిపోలేదు. తాటిచెట్టెక్కి పొట్టపోసుకునే గీతకార్మికుణ్ణీ, కోట్లు పోసి లైసెన్సు పాడుకునేవాణ్ణీ ఒకే గాటన కట్టమనటం లేదు. వట్టి జరిమానాల మీద కూడా నాకు భ్రమ లేదు. బ్రిటన్‌లో 1967 అక్టోబరులో శ్వాస పరీక్ష చట్టం వచ్చిన కొత్తలో చావులు బాగా తగ్గాయి. పట్టుబడటం తాము భయపడినంత తరచుగా జరగదని జనం గ్రహించాక ఆ ఫలితం క్రమంగా పలచబడింది. మన దగ్గర 2024 జనవరిలో లారీడ్రైవర్లు సమ్మె చేసింది గుద్ది పారిపోయినవాడికి పదేళ్ళ జైలనే కొత్త నిబంధన మీద. ఆగితే జనం కొట్టి చంపుతారని వాళ్ళన్నారు. జులైలో కొత్త చట్టం అమలులోకి వచ్చినప్పుడు ఆ ఒక్క నిబంధననూ పక్కనపెట్టారు. శిక్షను పెంచటం సులభం. ఆగిన డ్రైవరుకు రక్షణ ఇవ్వటం, అతణ్ణి రాత్రింబగళ్ళు నిద్రలేకుండా తోలించే యజమానిని అడగటం కష్టం. మోటారు కార్మికుడికి రోజుకు ఎనిమిది గంటల పని అని 1961లోనే చట్టం చేశాం. ఆ ఎనిమిది గంటలు ఏ లారీ ఎక్కాయి?

తప్పు జరిగే క్షణం తాగక ముందటి క్షణమని ఇందాక అన్నాను. అది నిజమైతే మన పని కూడా ఆ క్షణం దగ్గరే ఉంది. రాత్రి ఆఖరి బస్సు పల్లెలకు పోయే ఏర్పాటుంటే ఆ క్షణంలో మనిషి ముందు మరో దారి ఉంటుంది. పెద్దరోడ్డు వెంట కాలిబాటా, దీపాలూ ఉంటే తాగి నడిచేవాడి తప్పటడుగు మట్టి మీద పడుతుంది గాని చక్రం కింద పడదు. ప్రాణం పోయిన ప్రతి ప్రమాదంలో ఇద్దరి రక్తమూ పరీక్షిస్తే "తాగి ఉన్నాడట" అన్న మాట చచ్చినవాడి మీద మాత్రమే వాడే ఆయుధం కాకుండా పోతుంది. దుకాణం రోడ్డును వదిలిపోతే బండి కూడా దుకాణాన్ని వదులుతుంది. ఇవన్నీ అడిగి సాధించుకోవలసినవి.

కాని అడిగే హక్కు మనకు రావాలంటే ఇంకొకటి ఉంది. ఈ పత్రిక చదివేవాళ్ళు ఎక్కువమంది విద్యార్థులూ, ఉపాధ్యాయులూ, రచయితలూ. సభలు జరుగుతాయి. దోపిడీ గురించి గట్టిగా మాట్లాడుకుంటాం. సభయ్యాక కొందరు ఒక గదిలో కూర్చుంటారు. అర్ధరాత్రి ఆ గదిలోంచి బళ్ళు బయటికి వస్తాయి. "అన్నా, తాళంచెవి ఇటివ్వు, పొద్దున పోదువుగాని" అనటానికి పక్కవాడికి మొహమాటం. అన్నవాడు చాదస్తుడవుతాడు, సరదా చెడగొట్టినవాడవుతాడు. ఎవరి చెమటను గురించి పగలంతా మాట్లాడామో ఆ మనిషే ఆ వేళ రోడ్డు అంచున నడిచిపోతూ ఉంటాడు. ఒక ప్రాణాన్ని ఒక మొహమాటంతో తూచి, మొహమాటమే బరువని తేల్చినవాళ్ళం అప్పుడు మనమే. అక్కడ వ్యవస్థ లేదు, గుత్తేదారు లేడు, మంత్రి లేడు. ఒక చెయ్యీ, ఒక తాళంచెవీ ఉన్నాయి. ఆ చెయ్యి చాపినవాడే మర్నాడు కలెక్టరు ఆఫీసు ముందు నిలబడి దుకాణం ఎత్తెయ్యమని అడగటానికి అర్హుడు. అలా అడిగినవాడు చెయ్యి చాపకుండా ఉండటానికి వీల్లేదు.